రెండు బొమ్మల మధ్య వణికిన నేల

నాకు భయాలు తక్కువేమీ కాదు. మూడేళ్ల పాప గొంతులో శనగ్గింజ ఇరుక్కుంటుందేమోనని భయం. నిద్రలో ఊపిరి ఆడుతోందో లేదోనని భయం. దయ్యాలు, శకునాలు మాత్రం ఏనాడూ వాటిలో లేవు, ఇప్పటికీ లేవు. పాప పడుకుంది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అనంతపురంలో ఇంటి నుంచే యానిమేషన్ పనులు చేస్తాను. డ్రిప్ పైపులు అమ్మే ఒకాయన చిన్న వీడియో అడిగారు. చేను కనిపించాలి, నేల మెల్లగా మాయమవ్వాలి, లోపలి పైపులు బయటపడాలి.

మొదట అందరూ చేసేట్టే నేలను కొద్దికొద్దిగా పలచబరుస్తూ పోయాను. వస్తువు సగం మాయమై ఉన్నప్పుడు కంప్యూటర్‌కు పని పెరుగుతుంది. దాన్నీ లెక్కగట్టాలి, దాని వెనుక ఉన్నదాన్నీ లెక్కగట్టాలి. ఈ లెక్కలన్నీ కట్టి బొమ్మగా మార్చే పనినే రెండర్ అంటాం. నా పాత కంప్యూటర్ రాత్రంతా నడిచినా సగం కూడా రెండర్ కాలేదు. పైగా ప్రతి ఫ్రేముకూ వెలుగును కొత్తగా అంచనా వేస్తుంది కాబట్టి నీడలు చీమలు పాకినట్టు మినుకుమన్నాయి.

అప్పుడు సులువైన దారి పట్టాను. కెమెరా ఎలాగూ కదలదు. నేల ఉన్న బొమ్మ ఒకటి, నేల తీసేసిన బొమ్మ ఒకటి, ఆ రెండే రెండర్ చేశాను. మొదటిది కరిగి రెండోది వచ్చేలా ఎడిటింగ్‌లో కలిపాను. టీ తాగేలోపు అయిపోయింది. కదలని బొమ్మలు రెండు కలిస్తే మినుకుమనడానికి అందులో ఏమీ ఉండదు.

కానీ ఒకచోట మినుకుమంది.

నేల కోసం వాడిన ఫోటో యాడికి అనే ఊరి దగ్గర మా అత్తగారి ఊళ్లోని మా చేనిదే. మోటరు స్టార్టరు డబ్బాకు కాస్త ఎడంగా, గట్టు పక్కన, చాటంత మేర వణికింది. మొదటి బొమ్మను విడిగా చూస్తే వణుకు లేదు. రెండోదానిలోనూ లేదు. ఒకటి కరిగి ఇంకొకటి వచ్చేటప్పుడే వణుకు. మళ్లీ రెండర్ చేశాను. సాఫ్ట్‌వేర్ మార్చాను. ఫోన్‌లో వేసి చూశాను. అదే చోటు.

మా ఆయనకు చూపించాను.

“నీ కండ్లే మినుకుతాండాయి. పోయి పండుకో పో,” అన్నాడు. ఫోన్ దగ్గరికి తీసుకుని మళ్లీ చూశాడు. “అవునే, ఈడ ఏందో ఆడతాండాది.”

చివరికి ఫోటోలో పక్కనున్న మట్టినే కొంత కాపీ చేసి ఆ చోటు మీద అతికించి వీడియో పంపేశాను. పైపులాయన సంతోషించారు.

తర్వాత కొన్నాళ్లకు శనక్కాయ పీకుతున్నారంటే ఊరికి వెళ్లాం. పీకిన చెట్లు గట్టు పక్కన కుప్ప వేశారు. పాప ఆ కుప్ప చుట్టూ పరుగెడుతోంది. నేను స్టార్టరు డబ్బా వైపు చూశాను. ఫోన్ తీసి పాత వీడియోతో పోల్చుకున్నాను. వణికిన చోటు ఆ కుప్ప పక్కనే. వెళ్లి పాపను ఎత్తుకుని వచ్చేశాను. పాప ఒకటే ఏడుపు.

మా మామ నవ్వారు. “ఏమ్మా, నేల మింగుతాదా బిడ్డను?”

“ఆడ ఏమన్నా ఉండాదేమో చూడు మామా.”

“ఏముంటాది? రాళ్లు, మన్ను. టౌన్లో ఉండి నీకు బెదురు ఎక్కువైపాయ.”

నన్ను ఆటపట్టించడానికే గడ్డపార తెచ్చి అక్కడ ఒక పోటు పొడిచారు. గడ్డపార ఆగలేదు. ఆయన చేతుల్లోంచి జారి నిలువునా లోపలికి పోయింది. రాయికి తగులుతూ పోయే చప్పుడు చాలాసేపు వినిపించింది.

మా అత్త పాపను నా చంకలోంచి లాక్కుని గట్టు అవతలికి వెళ్లిపోయింది.

మామ వంగి ఆ గుంతలోకి చూశారు. “మా నాయన ఏపిచ్చిన బోరు. నీళ్లు పడల్యా. కేసింగ్ పైపు పీకి ఇంగో బోరుకు ఏసుకున్యాడు. గోనెసంచి కుక్కి మన్ను కప్పినా అన్న్యాడు. యాడ అనేది ఆయన చెప్పల్యా, మేము అడగల్యా.”

మా వైపు ఊళ్లలో నీళ్లు పడని బోరు గురించి ఎవరూ మాట్లాడరు. పైపు మాత్రం పీకి తెచ్చుకుంటారు. గుంత గుంతలాగే ఉండిపోతుంది.

ఆ సాయంత్రమే రాళ్లు, కాంక్రీటు పోసి పూడ్చారు.

కంప్యూటర్‌లో నేను చేసిన నేల ఒక పలచని పలక. దాని మీద ఫోటో అతికించానంతే. ఆ ఫోటోను ఎంత పెద్దది చేసి చూసినా అక్కడ మట్టే ఉంది, చిన్న పగులు కూడా లేదు. ఇదే పని చేసే స్నేహితురాలికి ఫైలు పంపాను. వణుకు ఆమెకూ కనిపించింది. కారణం ఆమెకూ తెలియలేదు. బోరు పూడ్చాక అవే రెండు బొమ్మల్ని మళ్లీ కలిపి చూశాను. ఏమీ కదల్లేదు.

ఇప్పుడు పాప తిరిగే చోట్లన్నీ ఫోటో తీస్తున్నాను. అంగన్‌వాడీ ముందు జాగా, మా సందు, మా అమ్మావాళ్ల పెరడు. నేల తీసేసిన బొమ్మ ఒకటి చేసి, ఒకదాన్ని ఇంకొకదానిలోకి కరిగించి చూస్తున్నాను. మా ఆయనకూ తెలుసు.

ఇంతవరకూ ఎక్కడా వణకలేదు. కింద ఏమీ లేదు కాబట్టి వణకలేదో, నేల నాకు చెప్పడం ఆ ఒక్కసారితోనే అయిపోయిందో నాకు తెలియదు. ఒక చోటును అలా చూసుకున్నాక కూడా అక్కడ పాప చేయి వదలలేకపోతున్నాను.