శాంతమ్మ ఆంటీ తెచ్చిన కెటిల్

ఎంత కడిగినా సబ్బు నురగ చేతుల మీద జారుతూనే ఉంది. ఈ ఉదయం సింగపూరు వుడ్‌ల్యాండ్స్‌లోని మా ఫ్లాట్ వంటగదిలో గిన్నెలు తోముతుంటే, ఆ జారుడుకే శాంతమ్మ ఆంటీ గుర్తొచ్చారు. ఆమె ప్రభువు సన్నిధికి చేరి రెండేళ్ళయింది. నాకు వాక్యం నేర్పిన పెద్దలు చాలామంది ఉన్నారు. నేర్చుకున్న వాక్యం మీద నిలబడడం మాత్రం ఆమెను చూసే తెలుసుకున్నాను.

మాది కనిగిరి వైపు. అక్కడి బోరు నీళ్ళలో సబ్బు నురగ రాదు. నీళ్ళు కాచే గిన్నెకు తెల్లటి గార కడుతుంది, గీజర్ కాయిల్ పాడైపోతుంది. పెళ్ళయి సింగపూరు వచ్చినా నా చేతికి ఆ అలవాటు పోలేదు. వాషింగ్ మెషీన్‌లో రెండింతల పౌడర్ పోసేదాన్ని. ఒకరోజు నన్ను ప్రార్థనకు పిలవడానికి వచ్చిన ఆంటీ, మెషీన్ కింద నుంచి పాకుతున్న నురగ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఏం తల్లీ, మెషీన్‌కి బాప్తిస్మం ఇస్తున్నావా?”

“మురికి పోవద్దా ఆంటీ!”

“అది కనిగిరి కొలత. ఇక్కడి నీళ్ళు మెత్తన. అంత పౌడర్ వద్దు లా!” ఇక్కడివాళ్ళలా మాట చివర ‘లా’ చేర్చడం ఆమెకు అలవాటు. “ నురగ బట్టల్లోనే ఉండిపోయి ఒళ్ళు దురద పెడుతుంది. మెషీన్ లోపల జిడ్డు పేరుకుంటుంది.”

మా ఆయన దురదకు మేము అప్పటిదాకా ఇక్కడి ఉక్కను తిట్టుకుంటున్నాం.

ఆంటీ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. మా ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలను పోగుచేసి తెలుగు సహవాసాన్ని మొదలుపెట్టింది ఆమే. మనుషులు పెరిగి ఎవరి ఫ్లాట్‌లోనూ పట్టకపోతే, మాలో ఒకరైన అనిల్ అన్న పాసిర్ రిస్‌లోని తన పెద్ద ఇంటి తలుపు తెరిచారు. ప్రతి శనివారం సాయంత్రం అక్కడే కూడుకునేవాళ్ళం. అంతమందిమి కూర్చోవడానికి మాకు వేరే చోటు లేదు.

కొన్నాళ్ళకు అనిల్ అన్న నీటిని మెత్తబరిచే మిషన్లు అమ్మడం మొదలుపెట్టారు. ఒక శనివారం సాక్ష్యాల సమయంలో లేచి, గార కట్టి సున్నపురాయిలా మారిన ఒక కాయిల్ ఎత్తి చూపించారు. “దేవుడిచ్చిన వస్తువుల్ని మనం కాపాడుకోవద్దా? ఈ మిషన్ పెట్టించాక మా ఇంట్లో ఈ బాధ లేదు. స్తోత్రం!” అన్నారు. మేమంతా ఉప్పునీళ్ళ బాధ పడ్డవాళ్ళమే. మనమూ పెట్టిద్దామని మా ఆయన నా చెవిలో అన్నారు.

తప్పు చేసిన సహోదరుడికి ముందు ఒంటరిగా చెప్పాలన్నది లేఖనాల పద్ధతి. ఆంటీ ఆ వారం అనిల్ అన్నకు ఫోన్ చేసి, ఇక్కడి మెత్తటి నీళ్ళకు అంత గార కట్టదని, అలా సాక్ష్యం చెప్పడం తప్పని చెప్పారు. ఆయన నవ్వేశారట. తర్వాతి శనివారం ఆమె ఒడిలో గుడ్డసంచి పెట్టుకుని నా పక్కన ట్రైన్‌లో కూర్చున్నారు. లోపల ఆమె ఇంటి కెటిల్ ఉంది.

“అది ఆయన ఇల్లు ఆంటీ. కోపమొస్తే మనకి చోటుండదు,” అన్నాను.

“చోటు పోతే వెతుక్కుందాం. సాక్ష్యం చెప్పే చోట అబద్ధం వచ్చి కూర్చుంటే, ఇక ఆ చోటు ఉండి ఏం లాభం?”

పాటలయ్యాక ఆమె లేచారు. “ఇది చాలా ఏళ్ళుగా మా ఇంట్లో వాడుతున్న కెటిల్. కడగకుండా తెచ్చాను. చూడండి.” కెటిల్ చేతులు మారుతూ గదంతా తిరిగింది. అడుగున సన్నటి తెల్ల పొర ఉంది, అంతే.

“కొంచెం గార ఉంది. లేదని నేను చెప్పను. అప్పుడప్పుడు నిమ్మరసం పోసి కాగబెడితే పోతుంది. అనిల్ బాబూ, నువ్వు చూపించిన కాయిల్ ఎక్కడిది?”

“మా ఇంటిదే ఆంటీ.”

“ఏ ఇల్లు? ఇదా, ఒంగోలుదా?”

“ఒంగోలుదే,” అన్నారాయన.

ఎవరో కిసుక్కున నవ్వారు. “నవ్వకండి,” అన్నారు ఆంటీ. “మన ఇళ్ళలోనూ అలాంటివి ఉండేవి కాబట్టే నమ్మాం. మిషన్ కావాలనుకుంటే కొనుక్కోండి, మీ ఇష్టం. దాన్ని సాక్ష్యమని మాత్రం చెప్పొద్దు.”

వారం తిరక్కుండా కబురొచ్చింది, ఇకపై ఆ ఇల్లు వీలుపడదని. సగం కుటుంబాలు రావడం మానేశాయి. పెద్ద మనిషిని అందరి ముందు అవమానించిందని ఆంటీని ఆడిపోసుకున్నారు. ఆ శనివారం ఆమె తన చిన్న ఫ్లాట్‌లో సోఫాను నిలువుగా ఎత్తించి గోడకు ఆనించి, చాపలు పరిచారు. పక్కింటి చైనా ముసలాయనకు ఇబ్బంది కలగకుండా గొంతు తగ్గించి పాడుకున్నాం. చివరి ప్రార్థనలో ఆమె అనిల్ అన్న పేరెత్తి, ఆయన ఇంటిని దీవించమని అడిగారు. తన ఆఖరి శనివారం దాకా ఆ పేరు మరవలేదు. ఆయన మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు ప్రార్థన నడిపే బాధ్యత నాది. ఎవరు సాక్ష్యం చెప్పడానికి లేచినా, “మీరు కళ్ళారా చూశారా, ఎవరైనా చెబితే విన్నారా?” అని అడుగుతాను. కొందరికి గిట్టదు. ఈమధ్య ఒక కుటుంబం ఆ మాటకే అలిగి మానేసింది. వాళ్ళ పేర్లు ప్రతి శనివారం ప్రార్థనలో తలుస్తాను. అడగడం మాత్రం మానను.