ఒక్కటడిగితే వెంట వచ్చినవి

2023 వానాకాలం. గూడూరులో మండలాఫీసుకు పోయే దారిలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్‌తో పాటు ఫొటోలు, లామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం కూడా చేస్తాను. నేను చదివింది అయిదో తరగతి. మా ఆయన పోయాక షాపు మూసేయమని అందరూ అన్నారు. మూస్తే మిషన్లు తుప్పు పడతాయని నేనే కూర్చున్నాను. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాను. షాపులో ఫ్యాన్ ఉంది గానీ వచ్చిపోయేవాళ్ల కోసం వేయను. నిలబడే పనికి ఫ్యాన్ ఎందుకు?

ఆ ఏడాది కంప్యూటర్ మొండికేసింది. ఆన్ చేసి టీ తాగి వచ్చినా తెరుచుకునేది కాదు. మెకానిక్ కొత్తది కొనమన్నాడు. ఉన్నది ఇంకా వెలుగుతుంటే కొత్తది కొనడం నాకు చేతకాదు. జనగామలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పే మా కోడలు సుజాత ఒక ఆదివారం వచ్చి, విండోస్ తీసేసి లినక్స్ వేసింది. కంప్యూటర్‌ను నడిపించే అసలు సాఫ్ట్‌వేర్ అదే, ఖర్చేమీ లేదు అంది. ఖర్చు లేదంటే ఇంకేం అడుగుతాను? కంప్యూటర్ తొందరగా తెరుచుకోవడం మొదలుపెట్టింది. కానీ తెరుచుకున్నాక ఏది ఎక్కడుందో తెలియలేదు. నా వంటింట్లోకి ఎవరో వచ్చి గిన్నెలూ డబ్బాలూ తమకు తోచినట్టు సర్దిపోయినట్టు ఉండేది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం గంగారం వైపు నుంచి సారక్క అనే ఆమె వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. కాగితాల సంచి మాత్రం పొడిగా ఉంది. అంగన్‌వాడీలో ఆయా పని చేస్తుంది. పిల్లలు పుట్టాక ఇంటర్ పాసై, ఇప్పుడు టీచర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవాలని వచ్చింది. వానలకు వాళ్ల ఊళ్లో సిగ్నల్ పోయి, వాగు పొంగి, చివరి రోజే బయటపడగలిగింది. సాయంత్రం అయిదింటికి వెబ్‌సైట్ మూసేస్తారు. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది. ఇంకో షాపుకు పొమ్మందామంటే, ఆ షాపతను పెళ్లికని తాళం వేసిపోయాడు.

దరఖాస్తు నింపడం అయింది. కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా ఎక్కించాలని వెబ్‌సైట్ అడిగింది. కొన్ని నేను స్కాన్ చేసినవి, కొన్ని ఆమె ఫోన్‌లోంచి వచ్చినవి. అన్నింటినీ కలిపి కుట్టే సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లో ఉండేది. ఇప్పుడు లేదు.

ఇంటర్నెట్‌లో వెతికాను. ఒక్కో పేజీలో నాలుగేసి డౌన్‌లోడ్ బటన్లు. ఏది అసలుదో తెలియక అన్నీ నొక్కాను. దిగినవి దిగినట్టే పడి ఉన్నాయి. ఎంత నొక్కినా ఒక్కటీ తెరుచుకోలేదు, దేనితో తెరవాలని తిరిగి నన్నే అడిగాయి. ఆన్‌లైన్‌లోనే కలిపిపెట్టే సైట్లు ఉంటాయట కదా అంది సారక్క. ముక్కూ మొహం తెలియని సైట్లలోకి ఒకరి ఆధార్, కులం కాగితాలు ఎక్కించనని చెప్పాను. షాపు పెట్టినప్పటి నుంచి అదే కట్టుబాటు.

"అయిదు కొట్టినంక నీ కట్టుబాటును నేనేం జేసుకోవాలె అవ్వా?" అంది.

సుజాతకు ఫోన్ చేశాను. క్లాసులో ఉన్నట్టుంది, ఎత్తలేదు. కాగితాలు కలిపే సాఫ్ట్‌వేర్ కావాలని వాయిస్ మెసేజ్ పెట్టాను. కాసేపటికి ఒక మెసేజ్ వచ్చింది. టెర్మినల్ తెరిచి, కింద రాసిన వరుస అందులో కొట్టమని. టెర్మినల్ అంటే నల్లటి కిటికీ. అందులో బొమ్మలుండవు, మనం అక్షరాల్లో చెప్పిందే వింటుంది. ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. కొడుతుంటే తెర మీద ఏమీ పడలేదు, కనీసం చుక్కలు కూడా. కీబోర్డు పోయిందనుకుని గుడ్డతో తుడిచాను, తలకిందులు చేసి దులిపాను. మళ్లీ కొట్టి ఎంటర్ నొక్కితే, లోపలే తీసుకుందో ఏమో, వరుసలు పరిగెత్తడం మొదలుపెట్టాయి.

అవి ఆగాక ఒక ప్రశ్న మిగిలింది. నేను అడిగిన పేరు కింద, నేను అడగని పేర్లు ఎన్నో ఉన్నాయి. ఇవి కూడా పెడతాను, కానివ్వమంటావా అని దాని అర్థం. అవునంటే వై, కాదంటే ఎన్. నేను ఎన్ కొట్టాను. ఉప్పు అడిగితే సబ్బులు, అగ్గిపెట్టెలు కూడా సంచిలో వేసే కొట్టువాళ్లను చాలామందిని చూశాను. అబార్ట్ అని రాసి అది ఊరుకుంది. మళ్లీ అదే వరుస కొట్టాను. మళ్లీ అవే పేర్లు. మళ్లీ ఎన్. అది విసిగిపోయి నేనడిగిన ఒక్కటి ఇచ్చేదాకా వదలకూడదనుకున్నాను.

సారక్క గడపలోకి వెళ్లి ఇంటికి ఫోన్ చేసింది. కోయలో మాట్లాడింది, నాకు తెలియలేదు. గొంతు మాత్రం తెలిసింది.

అప్పుడు సుజాత ఫోన్ వచ్చింది. చేతులు ఖాళీ లేక స్పీకర్‌లో పెట్టాను. జరిగింది చెప్పాను.

"ఎన్ కొడుతున్నవా? ఎందుకత్తమ్మా?"

"నేనడిగింది ఒక్కటి. గది ఊరందరినీ అంటగడుతున్నది."

"అంటగట్టుడు కాదు. అవి లేకుంటే ఇది నడవదు. ఒక్కదాన్నే రమ్మంటే అసలే రాదు."

ఇందాక డౌన్‌లోడ్ చేసినవి ఎందుకు తెరుచుకోలేదని అడిగాను. అవన్నీ విండోస్‌వి, మంచివో కావో కూడా తెలియదు అంది. "ఆటోల తెచ్చి అమ్మే లూజు మిరప విత్తనాలు కొంటవా నువ్వు?"

"ఎట్ల కొంట?"

"మరి నువ్వు చేసింది గదే. లినక్స్‌కు ఒక గోదాం ఉంటది, రెపాజిటరీ అంటరు. అండ్ల పెట్టేవి చూసి, సీలేసి పెడ్తరు. మనం పేరు చెప్తే దానికి కావల్సినవన్ని ఎంబడి తీస్కొని వస్తది."

"పైసల్లేకుంట గింత ఎవరు పెట్టిపోస్తున్నరు?"

"అయిదు దాటినంక చెప్త. ముందుగాల వై కొట్టు."

"అవ్వా, జర కొట్టరాదు," అంది సారక్క వెనక నుంచి. తన వేలు అప్పటికే కీబోర్డు మీదికి వస్తోంది. నా కీబోర్డు నేను ఎవరినీ ముట్టనివ్వను. చెయ్యి పక్కకు నెట్టి నేనే కొట్టాను.

వరుసలు చాలాసేపు పరిగెత్తాయి. ఆగాక మెనూలో కొత్త పేరు కనిపించింది. తెరిచి, కాగితాలు ఒకదాని వెనక ఒకటి పేర్చి, ఒక్క పీడీఎఫ్ చేసి ఎక్కించాను. వెబ్‌సైట్ తిరిగింది, తిరిగింది, చివరికి నంబరు ఇచ్చింది. రసీదు ప్రింటు తీసి ఇస్తే సారక్క మడిచి సంచిలో పెట్టుకుని బస్సు కోసం పరిగెత్తింది. గడియారం చూసే ధైర్యం నాకు అప్పటిదాకా రాలేదు.

గోదాంలోకి ఎవరు పెట్టిపోస్తున్నారో ఆ రాత్రి సుజాత చాలాసేపు చెప్పింది. ఏయే దేశాల వాళ్లో రాసి ఇస్తారట, ఇంకొందరు చూసి సర్దిపెడతారట, చాలామందికి జీతమే లేదట. ఎందుకు చేస్తారో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. అర్థమైనంత మాత్రం పట్టుకున్నాను. ఏది కావాలన్నా బజారంతా తిరగకుండా ముందు గోదాంలో అడుగుతాను. వెంట ఎవరెవరు వస్తున్నారో చదువుతాను. చదవకుండా కాదనను.

సారక్కకు పోస్టు వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఒకరోజు వచ్చింది, వెనక ఇంకా నలుగురు ఆడవాళ్లున్నారు. అందరూ దరఖాస్తుల పని మీదే వచ్చారు. షాపు ఇరుకు. ఒక్కొక్కరే లోపలికి రండి, మిగతావాళ్లు బయట ఉండండి అన్నాను.

సారక్క గడప దగ్గరే ఆగింది. "ఎన్ కొట్టకవ్వా," అంది. "ఆ దినం నన్ను వాగు దాటించింది ఈమె. నా సంచి నెత్తి మీద పెట్టుకొని తడవకుండ తెచ్చింది ఆమె. ఈ ఇద్దరు అంగన్‌వాడీ సెంటర్ల నా బదులు పని చేసిండ్రు. వీళ్లు లేకుంటే నేను నీ దాంక రాకపోదును."

లోపలి నుంచి కుర్చీలు తెచ్చి వేశాను. ఫ్యాన్ కూడా వేశాను.