పదిహేను చుక్కల ముగ్గు కింద పేరు

మొన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోను చూస్తుంటే మా నాచారం కాలనీ ఆడవాళ్ల గ్రూపులో ఒక పాత కాగితం ఫొటో వచ్చింది. మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం మీద పదిహేను చుక్కల ముగ్గు, దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో నా పేరు. ఒకామె దండం పెట్టింది, ఇంకొకామె పువ్వులు పెట్టింది, టీచరమ్మ చెయ్యే చెయ్యి అని మరొకామె మెచ్చుకుంది. నేను మాత్రం చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ ముగ్గు నాది కాదు.

తెలంగాణ రావడానికి ఇంకా చాలా ఏళ్లున్న రోజులవి. నాకు నలభై దాటాయి, ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. బడికి కొత్తగా వచ్చిన కంప్యూటర్లు ముట్టుకుంటే ఎక్కడ చెడిపోతాయోనని మా పెద్దసారు వాటికి గుడ్డ కప్పి గదికి తాళం వేసి ఉంచేవారు కాబట్టి, నేను ఆదివారం మధ్యాహ్నాలు ఉప్పల్ చౌరస్తా దగ్గరి ఇంటర్నెట్ సెంటరులో కూర్చునేదాన్ని. ఏ వెబ్ పేజీ మీదైనా మౌసుతో నొక్కి 'వ్యూ సోర్స్' అంటే దాని వెనకున్న రాతంతా బయటపడుతుందని తెలిసిన రోజు నా సంబరం ఇంతా అంతా కాదు. ఆ రాతను నోటు బుక్కులోకి ఎక్కించుకుని, బడి పేపర్లు దిద్దాల్సిన సమయంలో దాన్ని ముందేసుకుని కూర్చునేదాన్ని. ఊరికే, ఇష్టం కొద్దీ.

మాది ఉమ్మడి సంసారం. ఈ వయసులో ఇదేం పిచ్చి అని మా ఆయన అన్న, మా బావ నవ్వేవారు, మా ఆయన వినీ విననట్టుండేవారు. నన్ను పంపింది మా యారాలు, అంటే ఆ బావ భార్య. "నువ్వు పో చెల్లె, ఇంట్ల పని నేను జూస్కుంట" అని నా వంతు గిన్నెలు కూడా తనే తోమేది. మూడో తరగతి దాటని మనిషి, తెలుగైతే కూడబలుక్కుని చదివేది. ముగ్గు పిండి చేతికి తీసుకుంటే మాత్రం మా గల్లీలో ఆమె సాటి లేదు.

పేజీలో గళ్లు గీసి ఒక్కో గడికీ రంగు చెప్పడం నేర్చుకున్నప్పుడు ఆమె సొంతంగా వేసుకున్న ముగ్గుల పుస్తకం నాకు గుర్తొచ్చింది. అడగ్గానే చీరల మడతల్లోంచి తీసి నా చేతిలో పెట్టింది. అందులోని పదిహేను చుక్కల ముగ్గును గళ్లలోకి మార్చడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. మధ్యలో అచ్చు తీసి చూపిస్తే, ఏడో వరుసలో ఒక గడి తప్పిందని వేలు పెట్టి చూపింది కూడా ఆమే.

కింద మొదట ఆమె పేరే కొట్టాను. తర్వాత, పెద్దసారు చూస్తారు, తోటి టీచర్లు చూస్తారు, ఈమె ఎవరికి తెలుసు, నాలుగు ఆదివారాల కష్టం నాదే కదా అనుకుని, తుడిచేసి నా పేరు కొట్టాను. తెలియక చేసింది కాదు, తెలిసే చేశాను.

తర్వాతి ఆదివారం ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని నాతో బస్సెక్కి వచ్చింది. తెర ముందు కూర్చోగానే, "నా పేరు యాడున్నది చెల్లె?" అని అడిగింది. ఆ సెంటరు కంప్యూటర్లలో తెలుగు వచ్చేది కాదు, అంతా ఇంగ్లీషే. నేను నా పేరు మీద వేలు పెట్టి, ఇదే అక్కా అన్నాను. ఆమె కూడా అక్కడే వేలు పెట్టి, అక్షరం అక్షరం మీదుగా మెల్లగా జరిపింది. ఇంటికొచ్చేదాకా ఆ మొహంలో నవ్వు చెరగలేదు.

మార్చాల్సింది ఒక్క లైను. వచ్చే ఆదివారం మారుద్దాం అనుకుంటూనే కదిలే అక్షరాలూ, చూసినవాళ్ల లెక్క చెప్పే అంకెలూ పెట్టడంలో పడిపోయాను. కొన్నాళ్లకు ఆ పేజీని ఉచితంగా ఉంచిన సైటే మూతపడింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, హమ్మయ్య అనుకున్నాను. ఆ పేజీని అచ్చు తీసి బడిలో గొప్పగా పంచిన కాగితాల సంగతి మరిచేపోయాను.

ఇప్పుడామె మేడిపల్లిలో కూతురి దగ్గర ఉంటోంది, మోకాళ్ల నొప్పులతో వంగలేకపోతోంది, కానీ మా గ్రూపులో ఉంది. బస్సు బోర్డులు చూసీ, ఫోను వాడీ ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడో నేర్చుకుంది. మొన్న సాయంత్రం తనే ఫోన్ చేసి, "చెల్లె, నీ ముగ్గు వచ్చింది జూసినవా, మస్తుగున్నది" అంది. నీ ముగ్గు అంది. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఉంటే బాగుండేది. ఆ పేరు ఆమె మొదటిసారి ఎప్పుడు చదివిందో అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడు కోడు రాసే అవసరమే లేదు, నోటితో చెబితే ఫోనే తెలుగులో రాసిపెడుతుంది. నాచారంలో వాకిళ్లు పోయి కార్లు నిలిపే బండలు వచ్చాయి, ముగ్గులు స్టిక్కర్లయ్యాయి. అన్నీ ఇంత సులువైనా, ఈ నాలుగు ముక్కలు రాసేటప్పుడు కూడా ఆమెను మా యారాలు, మా యారాలు అనే నెట్టుకొచ్చాను. ఇందాకే గ్రూపులో ఆ ఫొటో కింద తెలుగులో ఒక్క లైను రాశాను, అదే ఇక్కడా రాస్తున్నాను. ఈ ముగ్గు వేసినామె పేరు అండాలు.