గెర్ట్ నోట మిగిలిన భాష

మిషిగన్‌లోని నోవై ఊళ్లో రియాన్‌ని ఎరిగినవాళ్లంతా అతన్ని డచ్చివాడనుకునేవారు. అలా అనుకోనిచ్చింది అతనే. కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజినీరుగా అమెరికా వచ్చిన కొత్తలో, తనది దక్షిణాఫ్రికా అని చెప్పగానే అవతలివాళ్ల చూపు మారేది. తెల్లవాడు, ఈ వయసువాడు, వర్ణవివక్ష రోజుల్లో ఏం చేసుంటాడని. ఆ అనుమానం అబద్ధం కాదు. రియాన్ ఆఫ్రికానర్, అంటే మూడొందల ఏళ్ల కిందట ఆ నేలకి చేరిన డచ్చి వలసదారుల సంతతి. నల్లవాళ్లకి ఓటు లేని రోజుల్లో, పద్దెనిమిదేళ్లు నిండీ నిండగానే అతన్ని సైన్యంలోకి తీసుకున్నారు. తుపాకీ భుజాన వేసుకుని నల్లవాళ్ల పేటల్లో గస్తీ తిరిగాడు. కొన్నేళ్లకే అందరికీ ఓటు వచ్చింది, ప్రభుత్వం మారింది, జెండా మారింది. ఈ దేశం నీదేరా అని గస్తీకి పంపిన పెద్దలు ఆ తర్వాత నోరెత్తలేదు. ఇక తానెవరో తేల్చుకోలేక రియాన్ విమానమెక్కేశాడు.

తల్లి పోయాక తండ్రి గెర్ట్‌ని కూడా తన దగ్గరికే తెచ్చుకున్నాడు. గెర్ట్ మితభాషి. కొడుకు సైన్యంలో చేరి మొదటిసారి సెలవు మీద ఇంటికొచ్చి, భోజనాల దగ్గర గస్తీ కబుర్లు చెబుతుంటే, కంచం ముందునుంచి లేచి బయటికి వెళ్లిపోయిన మనిషి. తనలో ఏం నచ్చలేదో రియాన్ ఎన్నడూ అడగలేదు.

కిందటి జనవరిలో గెర్ట్‌కి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట కూడా పోయిందన్నారు. ఇంగ్లీషులో పలకరిస్తే వెర్రిచూపు చూశాడు. రియాన్ తమ ఇంటి భాషలో, ఆఫ్రికాన్స్‌లో పిలిచాడు. అదీ అందలేదు. నోట్లోంచి ఏవో శబ్దాలు, మధ్యమధ్య నాలుక అంగిలికి తగిలి టక్కుమనడం. నర్సులు అది పిచ్చి గొణుగుడనుకున్నారు.

డాక్టర్ వసుమతి గుంటూరులో చదివి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో న్యూరాలజిస్టుగా స్థిరపడిన మనిషి. ఆమె మంచం పక్కన చాలాసేపు నిలబడి వింది.

"ఇది నాన్సెన్స్ కాదండీ," అంది రియాన్‌తో. "రిథమ్ చూడండి. సెంటెన్స్ మొదలవుతోంది, ఎండ్ అవుతోంది. మీ నాన్నగారికి ఇంకో లాంగ్వేజ్ ఏదైనా వచ్చా?"

"ఫార్మ్‌లో నల్ల పనివాళ్లతో వాళ్ల జులూ భాష మాట్లాడేవారు. అక్కడ రైతులందరికీ వస్తుంది. ఇది తే, అది మొయ్యి, అలాంటి నాలుగు ముక్కలు."

"నాలుగు ముక్కలు కాదిది. స్ట్రోక్ తర్వాత ఒక్కోసారి ఒకే భాష మిగులుతుంది. ఏది మిగులుతుందో ముందు మాకూ తెలీదు. ఇంటర్‌ప్రెటర్‌కి కాల్ చేద్దాం."

ఫోన్‌లోకి వచ్చిన దుబాసీ పేరు తెంబెకిలె. మినెసోటాలో ఉండే పెద్దావిడ. ఆమె జులూలో పలకరించగానే గెర్ట్ తల తిప్పాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గండిపడ్డ చెరువులా మాటలు వచ్చాయి. అతను ఆగేదాకా ఆవిడ వింది.

"ఈయన తెల్లవారా?" అని అడిగింది.

"అవును. మా నాన్నగారు," అన్నాడు రియాన్.

"దొరల జులూ నేను చిన్నప్పట్నుంచీ విన్నాను బాబూ. అదంతా ఆజ్ఞలే. ఈయనది మా అమ్మమ్మ మాట్లాడిన భాష. పెద్దల ముందు ఏ మాట అనకూడదో కూడా తెలుసు. ఇందాక ఒక వంశం తాతల పేర్లు వరసగా చెప్పారు. ఏడ్చే బిడ్డని ఊరుకోబెట్టడానికి మావాళ్లు అవి చెబుతారు. ఈయన్ని ఎవరో ఒళ్లో పెట్టుకుని పెంచారు."

 ఇన్నాళ్లూ ఒకే కప్పు కింద ఉన్న మనిషిని రియాన్ అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. రౌండ్స్‌కి వెళ్లాల్సిన వసుమతి కుర్చీ లాక్కుని కూర్చుండిపోయింది.

తర్వాతి వారాల్లో కథ ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. పురిట్లోనే గెర్ట్ తల్లి పోయింది. దక్షిణాఫ్రికాలో ఫ్రెయ్‌హెయ్డ్ ఊరి దగ్గర వాళ్ల ఫార్మ్‌లో వంటచేసే మాకుమాలో అనే జులూ ఆవిడ, తన బిడ్డతోపాటు అతనికీ పాలిచ్చింది. బడికి పంపేదాకా అతను ఆమె గుడిసెలోనే పడుకున్నాడు. హాస్టల్లో ఆ భాష మాట్లాడినందుకు బెత్తంతో కొట్టారు. ఆపైన ఆ భాషలో అతను ఆజ్ఞలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

"ఆ రోజు భోజనం దగ్గర్నుంచి ఎందుకు లేచిపోయారో అడగండి," అన్నాడు రియాన్ ఒక ఉదయం ఫోన్‌లో తెంబెకిలెతో.

గెర్ట్ జవాబిచ్చాడు. తెంబెకిలె మెల్లగా చెప్పింది: "'నువ్వు తలుపులు తన్నిన ఇళ్లలో నా తల్లి పిల్లలు ఉండి ఉంటారు. ఆ మాట నీకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.'"

రియాన్ తండ్రి పడిపోయిన చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ వారమే జులూ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ ఆ టక్కుమనే అక్షరాలు సాధన చేసేవాడు. తప్పు పలికితే గెర్ట్ ఎడమచేత్తో మంచం మీద తట్టి మళ్లీ అనిపించేవాడు.

"నేనెవరినో నాకింకా తెలీదు డాక్టర్," అన్నాడు వసుమతితో, తండ్రిని డిశ్చార్జ్ చేసిన రోజు. "ఇదివరకు అది తల్చుకుంటేనే భయం వేసేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఇంకా వినాలనిపిస్తోంది."

మే నెలలో, తెంబెకిలె చుట్టాలు చర్చిల్లో వాకబు చేసి, గెర్ట్‌ని పెంచిన ఆ మాకుమాలో చిన్న కూతురి జాడ పట్టుకున్నారు. డెబ్బై దాటిన మనిషి. రియాన్ తెంబెకిలెని కూడా లైన్లో కలిపి, ఫోన్ స్పీకర్లో తండ్రి చెవి దగ్గర పెట్టాడు. అవతలినుంచి కేకలు. ఇన్నేళ్లు ఏమైపోయావు, అమ్మ పోయినప్పుడు ఎందుకు రాలేదు అని ఆవిడ దులిపేస్తోంది. గెర్ట్ తల వంచుకుని, చిన్నపిల్లాడిలా ఊఁ కొడుతున్నాడు. చాలాసేపటికి ఆవిడ అలిసిపోయి, గొంతు తగ్గించి ఏదో అడిగింది. అది రియాన్‌కి దుబాసీ లేకుండానే అర్థమైంది.

తిన్నావా అని అడిగింది.