ఖాళీ లారీ ఎత్తు

2024 జూలై 9, మంగళవారం. వంతెన నుదుటన పసుపు పలక మీద రాసిన అంకె 3.8 మీటర్లు.

కడప జిల్లాలో రైలు కట్ట కింద నుంచి పోయే ఒక పల్లె దారి అది. ఆ ఉదయం మాబాషా వంతెనకు ఇవతలే లారీ ఆపి, దిగి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాడు. బండి నిండా కర్నూలు మిల్లులో ఎక్కించిన బియ్యం బస్తాలు. అవతలి ఊరి గోదాములో దించాలి. ఆ దారి అతనికి కొత్త కాదు, బండి కొత్త. ఇంతకాలం నడిపిన లారీకి పైకప్పే లేదు. యజమాని ఓబుళేశు దాన్ని అమ్మేసి, నాలుగు వైపులా రేకు గోడలూ పైన కప్పూ ఉన్న ఈ కంటైనర్ బండిని కొన్నది కిందటి నెలలోనే.

వంతెన పక్కన టీ కొట్టు నడిపే నాగక్కను మాబాషా కేకేశాడు.

"అక్కా, నేను మెల్లగా పోనిస్తా. పైన తగులుతాదేమో రవ్వంత చూడు."

"నా పొయ్యి చూసుకునేదే సరిపోతాండాది. ఇంగ మీ లారీలు గూడా చూడల్నా?" అంటూనే ఆమె గరిటె చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చింది. "రానీ... రానీ... బెత్తెడు సందుండాదిలే. పోన్నా, పో!"

బండి దాటింది. బస్తాలు దింపించి, మధ్యాహ్నం ఖాళీ లారీతో తిరిగి వచ్చేటప్పుడు మాబాషా దిగలేదు. నాగక్కను పిలవనూ లేదు. పొద్దున పట్టిన బండి మధ్యాహ్నం పట్టకపోవడమేమిటి? మరొక డ్రైవరైనా అలాగే అనుకునేవాడు. కానీ పొద్దున ఆ బస్తాల బరువుకు చక్రాల మీది స్ప్రింగు కమాన్లు అణిగి, బండి మొత్తం కిందికి కుంగి ఉంది. ఇప్పుడు బరువు తీరి, ఆ కుంగినంత మేరా పైకి లేచింది. ఆ సంగతి ముప్పై ఏడేళ్లుగా స్టీరింగు పట్టిన మనిషికి తెలియనిది కాదు. ఆ క్షణాన తట్టలేదు, అంతే.

కప్పు ఇనుప దూలానికి కొట్టుకున్న చప్పుడుకు నాగక్క కొట్టు ముందు కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. బండి ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. కాసేపటికి రెండు వైపులా ఆటోలు, ఒక బస్సు, ట్రాక్టర్లు నిలిచిపోయాయి. రైల్వే మనుషులు ఎర్ర జెండాతో వచ్చి, దూలాన్ని పరీక్షించేదాకా రైలు కదలకూడదన్నారు.

"కింద ఇతను, పైన రైలు. ఇంగ ఇమానమొకటే నిలబడల్ల," అన్నాడు బస్సు దిగి వచ్చిన ఒక ముసలాయన.

టైర్లలో గాలి తీశారు. బండి కొంచెం దిగింది కానీ ఊడిరాలేదు. మాబాషా ఒకచోట నిలబడలేక బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అట్లా తిరుగుతూ వెనక చక్రం దగ్గర ఆగిపోయాడు. చక్రానికీ పైనున్న రేకుకూ మధ్య అంత ఖాళీ పొద్దున లేదు. అప్పుడు తట్టింది.

"బరువు కావల్ల. అందరూ బండెక్కండి సామీ, మీకు దండం పెడతా!"

"ఏమప్పా, మీటింగుకు తోలుకపోతాండావా? బిర్యానీ పొట్లాలు యాడ?" అన్నారు జనంలోంచి ఎవరో.

నవ్వుకుంటూనే ఎక్కారు. బస్సులోని ఆడవాళ్లు కూడా ఎక్కారు. జనం కిక్కిరిసేసరికి బండి మూలిగి కుంగింది. మాబాషా వెనక గేరు వేశాడు. రేకు చీలిన శబ్దంతో లారీ వంతెన నుంచి ఊడి వచ్చింది.

అందరూ ఈలలు వేస్తుండగా ఓబుళేశు మోటారు సైకిలు మీద వచ్చాడు. కప్పు ముందు భాగం నలిగి, ఒక మూల చిరిగి వేలాడుతోంది. అతను అరిచి ఉంటే బాగుండేదని మాబాషాకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

"మాబాషన్నా, నువ్వు కొన్నాళ్లు ఇంటికాడుండు. ఆలోచన చేసి చెప్తా."

యాభై ఆరేళ్ల డ్రైవరుకు ఆ మాట అర్థం తెలుసు. వంతెనకు బండి కొట్టినవాడన్న పేరు అతనికంటే ముందే మిల్లులన్నీ తిరుగుతుంది. ఓబుళేశు వద్దంటే ఇంకెవరూ రమ్మనరు. లారీ లేకపోతే ఏం చేయాలో అతనికి తెలియదు. తండ్రి దూదేకులవాడు. దూదేకే విల్లును సైకిలుకు కట్టుకుని ఊరూరూ తిరుగుతూ పరుపులు కుట్టేవాడు. వెనక సీటు మీద మాబాషా. ఒక ఊళ్లో తిని మరో ఊళ్లో పడుకోవడం అతనికి అట్లా అలవాటైంది. పరుపుల పని పోయింది, తిరుగుడు మాత్రం మిగిలింది. పందొమ్మిదేళ్లకు లారీ ఎక్కినవాడు మళ్లీ దిగలేదు.

కడపలో అతని వీధిలో పీర్ల పండుగ సందడి మొదలైంది. "ఈసారి పీర్లకు ముందే వచ్చినావే!" అని పలకరించినవాళ్లందరికీ తల ఊపాడు. పగలు మంచం మీద కూర్చునేవాడు, లేచేవాడు, మెయిన్ రోడ్డు దాకా పోయి పోతున్న లారీల కప్పులు చూసి వచ్చేవాడు. గుమ్మం దాటేటప్పుడు తల వంచుతున్నాడని భార్య అబీదా బీ రెండో రోజే కనిపెట్టింది.

"ఏమయ్యా, మన దర్వాజాకు గూడా బోర్డు రాయిద్దామా? నువ్వున్నది అయిదడుగులు."

"ఊరుకో మే."

"ఊరుకుంటా. నువ్వు ఒకచోట ఊరికే కూసో, నేను ఊరుకుంటా."

ఆమే తన తమ్ముడితో మాట్లాడి, అతని పరుపుల అంగట్లో భర్తను కూర్చోబెట్టింది. మాబాషా పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. "ఆడ అంతా మెత్తగుండాది, నాతోన కాదు," అన్నాడు. ఆమె నవ్వింది.

మరుసటి వారం, పీర్లు సాగిపోయిన మర్నాడు, ఓబుళేశు ఫోన్ చేశాడు.

"కర్నూల్లో లోడుండాది. బస్తాలతో బ్రిడ్జి కింద పో, ఖాళీగా చుట్టు తిరిగి రా. ఈ ట్రిప్పు సక్కంగా జరిగితే బండి నీదే. లేకుంటే ఏమనుకోవద్దన్నా, ఇంకొకర్ని చూసుకుంటా."

కప్పు సరిచేసిన బండిలో బస్తాలు ఎక్కించుకుని మాబాషా మధ్యాహ్నానికి వంతెన చేరాడు. వంతెన కింద బండి దూరుతుందని తెలుసు. దిగి చూశాడు, దూరుతుంది. నాగక్క కూడా వచ్చి చూసింది.

"అదే సందు అన్నా. రా, నేను చూస్తాండా."

ఎక్కి ఇంజను ఆన్ చేశాడు. కుడికాలు కదల్లేదు. మళ్లీ దిగాడు, చూశాడు, ఎక్కాడు. వెనక ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. "పెద్దాయనా, ముహూర్తం పెట్టుకోని వస్తివా?" అని అరిచాడు. మాబాషా చొక్కా వీపుకు అంటుకుపోయింది. మూడోసారి కూడా కాలు కదలకపోయేసరికి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నాతోన కాదక్కా. ఆ ఆటోను వెనక్కి పొమ్మను."

బండి తిప్పుకుని, ఊళ్లన్నీ చుట్టి గోదాము చేరేసరికి పొద్దు గూకుతోంది. బస్తాలు దించే హమాలీలు విసుక్కుని కొందరు వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు ముఖం మాడ్చుకుని నిలబడ్డారు. దారంతా అతను ఒక కారణం వెతుకుతూనే వచ్చాడు. టైరు పంక్చరనవచ్చు, రోడ్డు పని జరుగుతోందనవచ్చు. అప్పుడే మోగిన ఫోన్ ఎత్తగానే ఆ కారణాన్ని ఓబుళేశే అందించాడు.

"ఏమన్నా, ఇంతసేపు? దోవలో ట్రాఫిక్కా?"

"లేదు సామీ. బ్రిడ్జి కాడికి పోయినా. బండి దూరతాది. నాకే కాలు ఆడలే. చుట్టు తిరిగొచ్చినా."

హమాలీలు తలుపు తీయమని సైగలు చేస్తున్నారు. మాబాషా ఫోన్ చెవికి అదుముకుని గోదాము ముందు అటూ ఇటూ నడుస్తున్నాడు.

"బండికేం కాలే గదా?" అన్నాడు ఓబుళేశు చివరికి.

"కాలే."

"సరే. రేపు మంత్రాలయం లోడుండాది. నువ్వే పో. ఆ దోవలో బ్రిడ్జిల్లేవులే."

మాబాషా నడవడం ఆపాడు. అవునని ఊరుకుంటే సరిపోయేది.

"ఒక బ్రిడ్జుండాది సామీ."

ఓబుళేశు గట్టిగా ఊపిరి వదిలాడు.

"అట్లయితే చుట్టు తిరిగే పో. ఇంకో గంట ముందే బయల్దేరు."