వెబ్‌సైట్‌కు కట్టిన ఫ్లెక్సీ

ఆదివారం ఉదయం. హాజరైనవారు: అందరూ హాస్టలక్క అని పిలిచే మా ఎదురింటావిడ, ఆమె వెబ్‌సైట్‌ను కొత్తగా మార్చిన డిజైనర్, నేను.

అశోక్‌నగర్‌లో ఎవరు కనబడినా ఆవిడ ఫోను ముందుకు చాచి, "జర వెతికి చెప్పుండ్రి, నేనెక్కడున్న?" అని అడిగేది. నెట్‌లో లేడీస్ హాస్టళ్ల వరసలో తన హాస్టల్ పేరు ఎన్నోదని ఆమె ప్రశ్న. ఎదురుగానే ఉన్నారని ఒకసారి చెప్పి తిట్లు తిన్నాను.

పాత వెబ్‌సైట్ చూడ్డానికి బాగుండేది కాదు, కానీ వెతికితే మొదట అదే వచ్చేది. పోటీపరీక్షల అమ్మాయిలు దాన్ని చూసే వచ్చేవారు. తామరపూల బొమ్మలతో కొత్తది పెట్టాక పేరు ఎక్కడో అట్టడుగుకు పోయింది. సగం గదులు ఖాళీ అయ్యాయి.

"పేజీల అడ్రస్‌లు మారినయి అక్కా. పాత అడ్రస్‌కు వచ్చినోళ్లను కొత్తదానికి పంపే ఏర్పాటు మరిచిన. ఇయ్యాల పెడ్త. మళ్ల పైకి రానీకి రెండు మూడు నెలలన్న పడ్తది," అన్నాడు డిజైనర్.

"దుకాణం మారితే పాత తలుపుకు బోర్డు కడ్తరు గద తమ్మీ! గంత సోయి లేదా? అప్పటిదాంక నా హాస్టలుంటదా?"

ఆమె ఆగలేదు. సాయంత్రానికి చిక్కడపల్లిలో ఫ్లెక్సీ కొట్టించి తన గేటుకే కట్టింది: "మా వెబ్‌సైట్ మారినది. కొత్త అడ్రస్ కొరకు లోపల అడగగలరు."

మర్నాడు ఉదయం నేను ఆమె హాల్లో ఉండగా, పెట్టెలతో ఇద్దరమ్మాయిలు ఆ ఫ్లెక్సీ చదివి లోపలికి వచ్చారు. అడ్రస్ అడిగి, అక్కడే నిలబడి ఫోన్లో గదుల ఫొటోలన్నీ చూశారు. వాళ్లకు నచ్చాయి.

"ఆంటీ, ఈ హాస్టల్‌కు ఆటోల పోవాల్నా, నడిచి పోవచ్చునా?"

ఆమె పెట్టెలు రెండూ అందుకుని మెట్లెక్కింది.