చీరాలలో కొన్న ఆరు తీగల గిటార్

రెండేళ్ళ క్రితం స్కూటర్ మీంచి పడి నా ఎడమ మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ పూర్తిగా వంగదు. ఈ సంగతి ఇంట్లో తెలుసు, నేను ఫిజిక్స్ చెప్పే కాలేజీలోనూ తెలుసు. మా పాటల బృందం నడిపే ఆయనకు మాత్రం చెప్పలేదు. చెబితే నా చోట ఇంకొకరిని పెట్టుకుంటాడని భయం.

మాది గుంటూరులో ఐదుగురి బృందం. పెళ్ళి రిసెప్షన్లకీ కాలేజీ వేడుకలకీ సినిమా పాటలు పాడతాం. నేను బేస్ గిటార్ వాయిస్తాను. పాట అడుగున బరువుగా నడిచే స్వరాలన్నీ దానివే. నా గిటారుకు నాలుగు తీగలు. వేసవి చివర్లో మా కీబోర్డ్ అతను హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే బృందం నాయకుడు ఫోన్ చేశాడు.

"మేడం, కొత్త కీబోర్డ్ మనిషి దొరికేదాకా మీరే సర్దాలండి. ఆరు తీగల బేస్ తీసుకోండి. కింది స్వరాల్లో ఇంకాస్త కిందికి పోవచ్చు, పైన కాస్త ట్యూన్ కూడా పలికించొచ్చు. ఒంగోలు రిసెప్షన్‌కి మూడు వారాలుంది."

"చూస్తానండి" అన్నాను. ఫోన్ పెట్టేశాక గమనించాను, కుడిచేత్తో ఎడమ మణికట్టు గట్టిగా పట్టుకుని ఉన్నాను.

ఊళ్ళో ఉన్న షాపులో ఆరు తీగలది లేదు. ఆర్డర్ ఇస్తే తెప్పిస్తాం, నచ్చకపోయినా వెనక్కి తీసుకోం అన్నారు. నా చేతికందే ధరలో ఆన్‌లైన్‌లో రెండు కనిపించాయి. లంచ్ గంటలో స్టాఫ్ రూమ్‌లో కూర్చుని వాటి గురించి జనం రాసిందంతా చదివాను. ఒకరు బాగుందంటారు, ఆ కిందే మరొకరు మొదటి ఎండాకాలానికే గిటార్ మెడ, అంటే తీగల కింది పొడుగు చెక్క, వంగిపోయిందంటారు. గుంటూరు ఎండ తెలిసినదాన్ని, రెండో మాటే నమ్మాను. అన్నిటికన్నా పెద్ద దిగులు మెడ వెడల్పు. ఆరు తీగలు పట్టాలంటే ఐదున్నర సెంటీమీటర్లు ఉంటుంది. నాదేమో చిన్న చెయ్యి, అందులోనూ వంగని మణికట్టు. వీధి చివర వడ్రంగి చేత ఆ వెడల్పున చెక్క ఒకటి చెక్కించి, పెన్సిల్‌తో ఆరు గీతలు గీసుకుని, దాని మీద వేళ్ళు చాపడం మొదలుపెట్టాను. పది నిమిషాలకల్లా బొటనవేలి మొదట్లో నొప్పి లేచేది.

మా అత్తయ్య వచ్చి చూసింది. "ఏందే ఆ చెక్క? దానికి జ్వరమొచ్చిందా, నాడి చూస్తన్నావ్?"

నవ్వు రాలేదు నాకు.

పది రోజులు గడిచాక, వాడినవి అమ్మే ఒక సైట్‌లో చీరాల నుంచి ప్రకటన కనబడింది. ఆరు తీగల బేస్, ధర నాకు అందేదే. వెంటనే ఫోన్ చేశాను. ఎత్తలేదు. నాలుగోసారి ఒక ఆడమనిషి ఎత్తి, "మెసేజ్ పెట్టండమ్మా, ఆయన చూస్తారు" అని పెట్టేసింది. మెసేజ్ పెడితే నిమిషంలో జవాబు వచ్చింది, అడ్రసుతో సహా. మాట్లాడాలి, ఫోన్ ఎత్తండి అని రాస్తే దానికి మాత్రం జవాబు లేదు. మోసమేమో అనిపించింది. ఒంగోలుకు ఇంక పదకొండు రోజులే ఉంది.

మా ఆయన పొలంలో పత్తి గింజలు పెట్టిస్తున్నాడు, కదల్లేడు. ఆ మాట విని అత్తయ్య చీర మార్చుకుని వచ్చింది.

"ఫోనెత్తనోడి ఇంటికి ఒక్కదానివే ఎట్టా పోతావే? పద, నేనొస్తా."

ఆదివారం ఉదయం రైలెక్కాం. చూడాల్సినవన్నీ కాగితం మీద రాసుకున్నాను. మెడ వంపు, లావు తీగ పలుకు, బరువు, మీటలు. తెనాలి దాటేలోపు ఆ కాగితం ఎన్నిసార్లు మడిచానో, మడతల దగ్గర చిరిగింది.

స్టేషన్ నుంచి ఆటోలో వెళ్ళాం. సన్నటి సందులో డాబా ఇల్లు, పక్కింట్లో మరమగ్గాలు. ఆ చప్పుడుకు గోడ మీది క్యాలెండర్ కూడా వణుకుతోంది. అరవై ఏళ్ళ మనిషి ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్ళు ఆర్కెస్ట్రాలో వాయించానని, ఇక చాలనిపించిందని అరిచి చెప్పాడు. మగ్గాల మోతలో అందరం అరుస్తున్నాం కాబట్టి నాకు వింతగా తోచలేదు. ఎందుకు అమ్ముతున్నారంటే ఆయన తీగలు ఎప్పుడు మార్చాడో చెప్పాడు. మెడ ఎప్పుడైనా వంగిందా అంటే, "కాఫీ తాగుతారా అమ్మా?" అన్నాడు. దాటేస్తున్నాడనుకున్నాను.

గిటార్ తెచ్చి ఇచ్చాడు. ముందు అత్తయ్య అందుకుని, మిరపకాయల బస్తా ఎత్తి చూసినట్టు ఒకసారి ఆడించింది. "నాలుగున్నర కేజీలు. ఎక్కువ సేపు మొయ్యలేవు నువ్వు."

స్పీకరుకు తగిలించి కుర్చీలో కూర్చుని వాయించడం మొదలుపెట్టాను. సన్న తీగలు బాగానే ఉన్నాయి. లావు తీగ దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం భోజనాల వేళయి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో వినబడింది. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో రెండోదాని దగ్గరా మూడోదాని దగ్గరా తీగ లోహానికి తగిలి గరగరమంటోంది.

"తీగ కొట్టుకుంటోందండి" అన్నాను.

"శుభ్రంగా ఉంది కదమ్మా! ఎక్కడా తేడా లేదు!" ఆయన ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంత స్పష్టంగా వినబడుతుంటే ఎదురుగా అబద్ధమా? లేచిపోదామని అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఆయన వీపు వైపు నిలబడి, చేతులు రెండూ చాపి గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆయన తల తిప్పలేదు.

"అమ్మాయ్, ఈయనకి వినపడట్లేదే" అంది.

కాఫీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చిన ఆయన భార్య అక్కడే ఆగిపోయింది. ఫోన్‌లో విన్న గొంతు ఆవిడదే. "రెండేళ్ళయిందండి" అంది మెల్లగా. "ఎవరికీ తెలియకూడదంటారు. మిషన్ పెట్టుకోమంటే పెట్టుకోరు. పెదవులు చూసి సగం, ఊహించి సగం."

ఇప్పుడు ఆయనకు ఎలా చెప్పాలి? తీగలో తేడా ఉందంటే మీకు వినబడలేదని చెప్పినట్టే. చెప్పకుండా కొంటే ఒంగోలులో గరగర నాది. చెప్పకుండా లేచిపోతే ఆయన ఇంకొకరి ముందు ఇలాగే కూర్చుంటాడు. చివరికి గిటార్ ఆయన ఒళ్ళో పెట్టి, ఆయన కళ్ళలోకి చూస్తూ, లావు తీగ మూడో మెట్టును వేలితో చూపించాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత వంగి, గిటార్ ఒంటి పైన కొమ్ములా పొడుచుకొచ్చిన చోట దవడ ఆనించి, కళ్ళు మూసుకుని తీగ మీటాడు. మళ్ళీ మీటాడు, చెవికి అందనిది దవడ ఎముకతో వింటున్నట్టు. ముఖం ఎర్రబడింది.

"అవునమ్మా, ఉంది" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. "చూసుకోలేదు. క్షమించు."

లోపలికి వెళ్ళి చిన్న ఇనుప పానా తెచ్చాడు. మెడ లోపల పొడుగునా ఒక ఊచ ఉంటుంది, దాన్ని బిగిస్తే మెడ నిటారవుతుంది, వదులు చేస్తే కాస్త వంగి తీగకు చోటిస్తుంది. ఎడమవైపు కొద్దిగా తిప్పాడు, దవడ ఆనించాడు, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ తిప్పాడు. మూడోసారికి గరగర పోయింది. అది నేను చెప్పకముందే ఆయనే తలెత్తి, "పోయింది కదా?" అన్నాడు. అవునన్నట్టు తలూపాను.

"నిలబడి వాయించు" అన్నాడు. నిలబడ్డాను. నాలుగు స్వరాలు కాకముందే చెయ్యి పట్టుకుని ఆపాడు. "మణికట్టు విరిగిందా?"

అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన నా పెదవులే చూస్తున్నాడు. "విరిగిందండి" అన్నాను.

ఆయన భుజం పట్టీ నాలుగు వేళ్ళ మేర పొట్టి చేసి, గిటార్ తల నా చెవి ఎత్తుకు లేపాడు. మణికట్టు వంచక్కర్లేకుండానే వేళ్ళు ఆరో తీగదాకా వెళ్ళాయి. చిటికెన వేలు ఇంకా అందలేదు. "అది అందదు. దాన్ని వదిలేసి మూడు వేళ్ళతో దారి వెతుక్కో" అన్నాడు. అత్తయ్య బేరం మొదలుపెట్టబోయి, ఆయన భార్య ముఖం చూసి ఊరుకుంది. అడిగిన ధరే ఇచ్చి కొన్నాం.

ఒంగోలులో ఆ గిటారుతోనే స్టేజి ఎక్కాను. రెండో పాటలో ఒక చోట దారి తప్పాను, గాయని నా వైపు తిరిగి చూసింది. ఐదో పాటకి గానీ ఊపిరి సరిగా తీసుకోలేదు. చివరి పాటలు రెండూ బాగా వచ్చాయి. వ్యానులో తిరిగి వస్తుంటే నాయకుడు వచ్చే నెల కార్యక్రమాల తేదీలు చదవడం మొదలుపెట్టాడు. నా వేళ్ళు అప్పటికే వాచి ఉన్నాయి.

"ఒక్క నిమిషమండి, ముందు మీకో సంగతి చెప్పాలి" అని నా మణికట్టు గురించి మొత్తం చెప్పాను.

ఆయన తేదీల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత, "కార్యక్రమం మధ్యలో పది నిమిషాలు విరామం ఉంటే సరిపోద్దా?" అని అడిగాడు.

సరిపోతుందో లేదో నాకు తెలియదు. అదే చెప్పాను.